వేపాకు నానో పొడితో రంగు నీళ్లు నిజంగా శుభ్రమవుతాయా?

పడుగుపేక
మాది పోచంపల్లి దగ్గర ఊరు. చిటికి కట్టడం (రంగు అంటకూడని చోట నూలుకు బిగించి కట్లు వేయడం) దగ్గర్నుంచి రంగులు వేయడం దాకా అన్నీ ఇంటి పనే. మా అన్న కూతురు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. వేపాకు కషాయంతో జింక్ ఆక్సైడ్ నానో కణాలు చేసి, నీలం రంగు నీళ్లలో కలిపి ఎండలో పెట్టారట. గంటన్నరలో నీళ్లు తేటగా అయిపోయిన వీడియో పంపింది. ఇంట్లో అందరికీ సంబరం. మా బాపు అయితే "షెడ్డు వెనక గుంటలోకి పోయే నీళ్లకు కూడా ఇది వేద్దాం" అంటున్నాడు.
నేను నెట్‌లో వెతికాను. తులసి, జామ, మునగ, కరివేపాకు... ఏ ఆకు పేరు కొట్టినా ఒక పేపరు ఉంది. అన్నింట్లోనూ తొంభై శాతం పైనే రంగు పోయిందని రాశారు. అంత బాగా పనిచేసేదైతే ఒక్క రంగుల షెడ్డులో కూడా ఎందుకు కనపడదు? మా బోరు నీళ్లు ఏటేటా ఉప్పగా మారుతున్నాయి, నాకు ఇది ఊరికే అడుగుతున్న ప్రశ్న కాదు. తెలిసినవాళ్లు సూటిగా చెప్పండి.

ల్యాబ్‌కోటు
పనిచేస్తుంది. వీడియోలో అబద్ధమేమీ లేదు. జింక్ ఆక్సైడ్ మీద అతినీలలోహిత కాంతి పడితే దానిలోని ఎలక్ట్రాన్ పైస్థాయికి ఎగురుతుంది, దాని చోట ఖాళీ ఏర్పడుతుంది. ఎలక్ట్రాన్ నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌తో, ఆ ఖాళీ నీటితో చర్య జరిపి హైడ్రాక్సిల్ రాడికల్స్ వంటి, దేనితోనైనా ఇట్టే చర్య జరిపే కణాలు పుడతాయి. అవి రంగు అణువును కొరికేస్తాయి. 1972లో జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా టైటానియం డయాక్సైడ్ మీద కాంతి వేసి నీటిని విడగొట్టి చూపించినప్పటి నుంచి ఈ రంగంలో పని ఆగలేదు. శాస్త్రం గట్టిదే.

మూడోగది
ఆ నీలం మిథిలీన్ బ్లూ అయ్యుంటుంది, ఇలాంటి పరీక్షలకు మామూలుగా వాడే రంగు. లీటరుకు ఎంత కలిపారో, ఏ నీళ్లు వాడారో కనుక్కోండి.

పడుగుపేక
అడిగాను. మిథిలీన్ బ్లూనే. లీటరుకు 10 మిల్లీగ్రాములు. డిస్టిల్డ్ వాటర్.

మూడోగది
మీరు నూలుకు రియాక్టివ్ రంగు (నూలు పోగుతో రసాయన బంధం కట్టేది) వేసేటప్పుడు కిలోకి ఎన్ని నీళ్లు, ఎంత రంగు, ఎంత ఉప్పు?

పడుగుపేక
కిలో చిలపలకు (నూలు కట్టలకు) 20 లీటర్ల నీళ్లు. మామూలు షేడుకు 20 గ్రాముల రంగు. ఉప్పు కిలో దాకా పడుతుంది, ముదురు రంగులకు ఇంకా ఎక్కువ. ఉప్పు పట్టాక సోడా యాష్ వేస్తాం.

వేపచెట్టునీడ
కిలో నూలుకు కిలో ఉప్పా! మా అమ్మ ఆవకాయకు కూడా అంత వేయదు.

మూడోగది
ఇప్పుడు లెక్క చూడండి. 20 లీటర్లలో 20 గ్రాములంటే లీటరుకు గ్రాము రంగు. అందులో 70 శాతం నూలుకు పట్టిందనుకుందాం. మిగిలింది 6 గ్రాములు. అదంతా ఆ తొట్టిలోనే ఉంటే లీటరుకు 300 మిల్లీగ్రాములు. అంటే ల్యాబ్‌లో వాడిన దానికి 30 రెట్లు. కొంత కడుగు నీళ్లలోకి పోతుంది కాబట్టి తొట్టిలో కొంచెం తగ్గొచ్చు, అయినా అంత ముదురు నీళ్లలోకి ఎండ లోపలిదాకా దిగదు. పైపొరలో ఉన్న రంగే వెలుగంతా తాగేస్తుంది. కింద ఉన్న పొడి చీకట్లో ఉంటుంది.
ఎండ సంగతి కూడా చెప్పాలి. జింక్ ఆక్సైడ్ పనిచేసేది దాదాపు 375 నానోమీటర్ల కంటే పొట్టి తరంగాలకే. మనకు తగిలే ఎండలో అతినీలలోహితం మొత్తం కలిపినా 5 శాతం దాటదు. మన ఎండ ఎంత మండినా అందులో దీనికి అక్కరకొచ్చేది ఆ కాస్తే.

తిరుప్పూర్_నుంచి
ఇక్కడ చాలాకాలంగా అద్దకం యూనిట్ల ఉమ్మడి శుద్ధి కేంద్రంలో పనిచేస్తున్నాను. మూడోగది రంగు లెక్క చెప్పారు, నేను ఉప్పు లెక్క చెప్తా. 20 లీటర్లలో కిలో ఉప్పంటే లీటరుకు 50 గ్రాములు. బయటికి వదిలే నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకు 2100 మిల్లీగ్రాములు మించకూడదన్నది నిబంధన. మీ తొట్టి నీళ్లు దానికి 24 రెట్లు. రంగు మొత్తం పోయి నీళ్లు అద్దంలా అయినా ఆ ఉప్పు ఒక్క పలుకు కూడా తగ్గదు. ఏ ఆకుతో చేసిన ఏ నానో పొడీ ఉప్పును విడగొట్టదు. మీ బోరు ఉప్పగా అవుతోందన్నారు, దానికి కారణం రంగు కాదు, ఇదే.
మా తిరుప్పూర్ మీదుగా పారే నొయ్యల్ నది కథ ఇదే. రంగు కంటికి కనపడుతుంది కాబట్టి అందరూ దాని గురించే గోల చేశారు. ఆ నది మీదున్న ఒరత్తుపాళయం డ్యామ్ కింద రైతుల పొలాలను దెబ్బతీసింది ఉప్పు. 2011 జనవరిలో మద్రాస్ హైకోర్టు ఇక్కడి అద్దకం యూనిట్లను మూయించింది. ఆ తర్వాతే చుక్క నీరు బయటికి పోకూడదన్న పద్ధతి ఇక్కడ గట్టిగా అమలైంది. ముందు బ్యాక్టీరియాతో శుద్ధి, తర్వాత ఆర్వో, మిగిలిన చిక్కటి ఉప్పునీటిని ఆవిరి చేయడం. ఆ ఉప్పు ద్రావణాన్ని తిరిగి అద్దకానికే వాడతారు. ఖర్చు బాగా ఎక్కువ, కరెంటు తాగేస్తుంది. కానీ నీళ్లు వెనక్కొస్తాయి.

పడుగుపేక
ఇంతకాలం గుంటలో నీళ్లు ఎర్రగా ఉంటే భయపడ్డాం, తెల్లగా ఉంటే పర్లేదనుకున్నాం. ఇది మా వాడకట్టులో అందరికీ చెప్పాలి.
ఇంకో అనుమానం. ఇండిగో లాంటి వ్యాట్ రంగుల్లో (నీళ్లలో నేరుగా కరగనివి) కాస్టిక్ సోడా, హైడ్రోస్ (రంగును కరిగే రూపంలోకి మార్చే రసాయనం) వేస్తే నీలం పోయి పసుపుపచ్చగా మారుతుంది. చిలప తీసి గాలికి ఆరేస్తే మళ్లీ నీలం వస్తుంది. తొట్టిలో రంగు పోయినట్టు కనపడుతుంది గానీ ఎక్కడికీ పోలేదు. ఆ ల్యాబ్‌లో పోయిన నీలం కూడా అలాంటిదే కాదు గదా?

ల్యాబ్‌కోటు
భలే చోట పట్టుకున్నారు! పీహెచ్‌డీ వైవాల్లో అడగాల్సిన ప్రశ్న ఇది. మిథిలీన్ బ్లూకు కూడా రంగులేని రూపం ఉంది, ల్యూకో మిథిలీన్ బ్లూ అంటారు. ముఖ్యంగా వెండి నానో కణాల పేపర్లు చూడండి. వాటిలో చాలావరకు కాంతితో పనే ఉండదు. సోడియం బోరోహైడ్రైడ్ వేస్తారు. అది ఎలక్ట్రాన్లు ఇస్తుంది, వెండి వాటిని రంగుకు చేరవేస్తుంది. నిమిషాల్లో నీలం మాయం. మీ హైడ్రోస్ చేసే పని కూడా అదే. అణువు చెక్కుచెదరలేదు, రూపం మార్చుకుంది. సీసా మూత తీసి బాగా కుదిపితే గాలిలోని ఆక్సిజన్ తగిలి నీలం తిరిగొస్తుంది.
కాంతితో జింక్ ఆక్సైడ్ చేసేది ఆక్సీకరణం, కాబట్టి అక్కడ నిజంగా విరగడానికి అవకాశం ఎక్కువ. కానీ విరిగిందని చూపించాలి. 664 నానోమీటర్ల దగ్గర, అంటే ఆ నీలం వెలుగును బాగా పీల్చుకునే చోట, గ్రాఫులో శిఖరం తగ్గిందంటే రంగు పోయిందని అర్థం, అంతే. అణువు కార్బన్ డయాక్సైడ్ దాకా వెళ్లిందా అన్నది సీఓడీ (నీళ్లలోని మలినాలను ఆక్సీకరించడానికి ఎంత ఆక్సిజన్ కావాలన్న కొలత) గానీ, మొత్తం సేంద్రియ కార్బన్ గానీ కొలిస్తే తప్ప తెలీదు.

నీటిబొట్టు
అజో రంగుల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. బోరోహైడ్రైడ్‌తో మిథైల్ ఆరెంజ్ రంగు పోగొట్టామంటారు. మధ్యలో ఉన్న నైట్రోజన్ జంట బంధం తెగి రెండు ఆరోమాటిక్ అమైన్లు మిగులుతాయి. రంగు లేదు గానీ అమైన్ ఉంది. కొన్ని రంగుల నుంచి బెంజిడిన్ లాంటి క్యాన్సర్ కారకాలు వస్తాయి, అందుకే అలాంటి అజో రంగులను మన దేశంలోనూ యూరప్‌లోనూ నిషేధించారు. రంగునీళ్ల కంటే రంగులేని విషం ప్రమాదం, ఎందుకంటే పశువులు ఆ నీళ్లు తాగుతుంటే ఎవరూ అదిలించరు.

కాగితంపులి
నేనొకటి గట్టిగా అంటాను. ఈ పేపర్లలో చాలావరకు ఒకటే మూస. ఆకు మార్చు, పేపరు రాయి. ఎక్స్‌రే పట్టీ, మైక్రోస్కోపు బొమ్మ, మిథిలీన్ బ్లూ, 92 శాతం, అయిపోయింది. ప్రజల డబ్బుతో నడిచే పరిశోధన ఇది. పోచంపల్లిలో ఒక నేతన్నకు పనికిరాకపోతే ఎందుకు?

మూడోగది
ఒప్పుకోను. చిన్న ఊళ్ల పీజీ కాలేజీల్లో ఉండేది మఫిల్ ఫర్నేసు (పదార్థాన్ని కాల్చే కొలిమి), ఒక పాత స్పెక్ట్రోమీటరు. ఎక్స్‌రే పరీక్షకు బయట డబ్బు కట్టి పంపాలి. ఆ సరంజామాతో ఒక పిల్ల తన చేత్తో ఒక పదార్థం తయారుచేసి, కొలిచి, గ్రాఫు గీసి, రేటు లెక్క కట్టడం నేర్చుకుంటుంది. నా విద్యార్థులు చాలామంది ఇలాగే మొదలుపెట్టారు. తప్పు ఆ ప్రాజెక్టుది కాదు. దాని చివర్లో "పరిశ్రమ వ్యర్థజలాల శుద్ధికి ఇది చక్కటి మార్గం" అని రాయించేవాళ్లది.

కాగితంపులి
పిల్లలను అనలేదు సార్. ఆ చివరి వాక్యం గురించే నా కోపం కూడా.

వేపాకు_పరిశోధన
చిన్నాన్నా, లింకు పంపావు కదా, మొత్తం చదివాను. ఆ ప్రాజెక్టు అమ్మాయిని నేనే. నాకు బాధేం లేదు, ఇవి మా క్లాసులో ఎవరూ చెప్పలేదు. రెండు అడగాలి. మా రిపోర్టులో "వేపాకులోని పాలీఫినాల్స్ జింక్ అయాన్లను క్షయకరణం చేసి నానో కణాలుగా మార్చాయి" అని రాయమన్నారు. అది సరైనదేనా? రెండోది, ఇదే పొడి చిన్నాన్న వాళ్ల రియాక్టివ్ ఎరుపు మీద పనిచేస్తుందా?

ల్యాబ్‌కోటు
మొదటిదానికి జవాబు: కాదమ్మా. వెండి విషయంలో ఆ వాక్యం సరిపోతుంది. వెండి అయాన్ ప్రామాణిక పొటెన్షియల్ +0.80 వోల్టులు, ఎలక్ట్రాన్ ఇస్తే చటుక్కున తీసుకుంటుంది. ఆకు కషాయం వేయగానే ద్రావణం గోధుమ రంగుకు తిరిగేది అందుకే. జింక్‌ది -0.76. ఆకులోని పాలీఫినాల్ దాన్ని లోహంగా మార్చలేదు. పైగా మీకు కావల్సింది జింక్ లోహం కాదు, జింక్ ఆక్సైడ్. అందులో జింక్ మొదటి నుంచి చివరి దాకా +2 లోనే ఉంది. ఎక్కడా క్షయకరణం జరగలేదు. ఆకు చేసేది వేరే: అయాన్లను పట్టి ఉంచడం, కణాలు గడ్డకట్టకుండా చుట్టూ పొరలా నిలవడం, ఫర్నేసులో కాలేటప్పుడు ఇంధనంగా పనికిరావడం. ఎన్ని డిగ్రీల్లో కాల్చారు?

వేపాకు_పరిశోధన
450 డిగ్రీలు, 2 గంటలు.

ల్యాబ్‌కోటు
అప్పుడు ఆకు పొర చాలావరకు కాలిపోయి ఉంటుంది. వేపాకు లేకుండా, అదే జింక్ నైట్రేట్‌ను కాస్టిక్ సోడాతో అవక్షేపించి, అదే వేడిలో కాల్చి, పక్కపక్కన పోల్చి చూడు. ఆకు వల్ల ఏం ఒరిగిందో అప్పుడే తెలుస్తుంది. ఎక్కువమంది వదిలేసే పరీక్ష ఇది.

పెడన_బ్లాకు
కృష్ణా జిల్లా నుంచి. మాది కలంకారీ అచ్చు. వెండి, జింక్ సంగతి నాకు తెలియదు గానీ ఇనుము గురించి చెప్పగలను. టీ ఆకుతోనో కరక్కాయతోనో ఇనుము నానో కణాలు చేశామని, ద్రావణం నల్లగా మారడమే రుజువని రాస్తారు. మేము తరతరాలుగా బట్టను కరక్కాయలో ముంచి, దానిమీద ఇనుము, బెల్లం పులియబెట్టిన ద్రావణంతో అచ్చు వేస్తున్నాం. తగలగానే నల్లబడుతుంది. అది ఇనుము, కరక్కాయ వగరు కలిసిన రంగు. నానో ఇనుము తయారైందని మేమెవరం అనుకోలేదు.

మూడోగది
పెడన గారు చెప్పింది అక్షరాలా నిజం. ఇనుమును లోహంగా మార్చడం పాలీఫినాల్స్‌కు సులభం కాదు, పొటెన్షియల్ -0.44. ఆ నల్లటిదాంట్లో చాలావరకు ఇనుము, పాలీఫినాల్ సంక్లిష్టమే. అయితే హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపితే అది కూడా రంగును విరగ్గొడుతుంది, ఇనుము, పెరాక్సైడ్ కలిసి హైడ్రాక్సిల్ రాడికల్స్ పుట్టించే ఫెంటన్ చర్య లాగా. పని జరగడం వేరు, ఎందుకు జరిగిందో చెప్పడం వేరు.

నీటిబొట్టు
చెల్లెమ్మ రెండో ప్రశ్నకు నేను చెప్తా. మిథిలీన్ బ్లూకు ధనావేశం. రియాక్టివ్ రంగులకు సల్ఫోనేట్ గుంపుల వల్ల రుణావేశం. జింక్ ఆక్సైడ్ ఉపరితలం పీహెచ్ 9 దగ్గర తటస్థంగా ఉంటుంది, దాని పైన రుణావేశంలోకి పోతుంది. సోడా యాష్ వేసిన తొట్టి పీహెచ్ 10.5, 11 దాకా ఉంటుంది. రెండూ రుణమే, రంగు పొడి దగ్గరికి సులభంగా రాదు. మీ నీలం సంగతి ఎలా ఉన్నా, ఆ తొట్టిలో ఎరుపు దూరం జరుగుతుంది. దీనికి తోడు సోడా యాష్‌లోని కార్బొనేట్, ఉప్పులోని క్లోరైడ్ ఆ హైడ్రాక్సిల్ రాడికల్స్‌ను మధ్యలోనే మింగేస్తాయి. పీహెచ్ తగ్గిద్దామని యాసిడ్ పోస్తే, మరీ తగ్గినప్పుడు జింక్ ఆక్సైడే కరిగిపోతుంది.

వేపచెట్టునీడ
అయితే ఇక ఇది ఇంట్లో చేసుకునే పని కాదన్నమాట. మా తమ్ముడు ఆన్‌లైన్‌లో సిల్వర్ నైట్రేట్ కొందామంటున్నాడు.

ల్యాబ్‌కోటు
వద్దనండి. చర్మం మీద పడితే నల్లగా మచ్చపడుతుంది, కంట్లో పడితే చాలా ప్రమాదం. వెండి అయాన్లు చేపలకు, నీటిలోని సూక్ష్మజీవులకు విషం. రంగు పోగొట్టబోయి వెండి కలిపినట్టవుతుంది. ఇంకొకటి, ల్యాబ్‌లో పొడిని నీటి నుంచి వేరు చేయడానికి సెంట్రిఫ్యూజ్ ఉంటుంది. గుంటలో వేస్తే ఆ కణాలను ఎవరు తీస్తారు? నీళ్లతో పాటే వెళ్లిపోతాయి.

కాగితంపులి
అన్నీ అడ్డంకులే చెప్తున్నారు, నేనూ అదే చేశాను. మరి ఆ నేతన్న ఏం చేయాలి?

తిరుప్పూర్_నుంచి
ఆయన స్థాయికి సరిపోయేది చెప్తా. అన్నిటికంటే ముందు తొట్టి నీళ్లను, కడుగు నీళ్లను వేరు చేయండి. ఉప్పు దాదాపు అంతా మొదటి తొట్టిలో, ఒకటి రెండు కడుగుల్లో ఉంటుంది. ఆ నీళ్లు తక్కువే. వాటిని గుంటలోకి వదలకుండా, అడుగున మందపాటి షీటు పరిచిన లోతు తక్కువ సిమెంటు తొట్టిలో పోసి ఎండకు ఆరనివ్వండి. తెలంగాణ ఎండ నిజంగా పనికొచ్చేది ఇక్కడ. వానాకాలం పైన రేకు కావాలి. అడుగున మిగిలిన రంగు ఉప్పును చెత్తలో పారేయొద్దు. పది పదిహేను ఇళ్లు కలిసి పోగుచేస్తే దుండిగల్ దగ్గరున్న ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపే దారి కాలుష్య నియంత్రణ మండలిని అడగొచ్చు.
చివరి కడుగు నీళ్లు దాదాపు తేటగా ఉంటాయి. అవి తర్వాతి రంగుకు మొదటి కడుగుగా వాడుకోండి. రంగు కొనేటప్పుడు నూలుకు ఎక్కువ శాతం పట్టే బైఫంక్షనల్ రంగులు (నూలును పట్టుకునే గుంపులు రెండేసి ఉన్నవి), తక్కువ ఉప్పుతో పట్టేవి అడగండి. ధర కొంచెం ఎక్కువ. ఉప్పు, నీళ్లు, కడుగుడు కూలీ కలిపి లెక్కేస్తే తేడా పెద్దగా ఉండదు.

పడుగుపేక
తొట్టి నీళ్లు వేరు చేయడం రేపట్నుంచే చేయొచ్చు, దానికి ఒక పైపు, ఒక వాల్వు చాలు. ఆరబెట్టే తొట్టి గురించి సొసైటీలో మాట్లాడతాను. ఇప్పటిదాకా ఏ అధికారీ మాకు ఉప్పు మాట ఎత్తలేదు. వచ్చినప్పుడల్లా గుంటలో రంగు చూసి పోయేవాళ్లు.

వేపాకు_పరిశోధన
నేను ప్రాజెక్టు వదలను. చిన్నాన్న షెడ్డులో చివరి కడుగు నీళ్ల మీద చేస్తాను, అందులో ఉప్పూ రంగూ తక్కువ కదా. పొడిని విడిగా కాకుండా గాజు పలక మీద అంటించి, నీళ్లను పల్చగా పారిస్తే తర్వాత వేరు చేసే బాధ ఉండదు. ఇది కుదురుతుందా?

మూడోగది
కుదురుతుంది. స్పెయిన్‌లోని అల్మేరియా సోలార్ కేంద్రంలో ఇలా సూర్యకాంతితో నీటి శుద్ధి మీద ఏళ్ల తరబడి పనిచేస్తున్నారు, వాళ్ల రియాక్టర్ల బొమ్మలు చూడు. నీకు తప్పనిసరిగా కావల్సినవి: పొడి ఉంచి చీకట్లో అరగంట, ఎంత రంగు ఊరికే అంటుకుందో తెలియడానికి. పొడి లేకుండా ఎండలో, ఎండకే ఎంత పోయిందో తెలియడానికి. శుద్ధికి ముందూ తర్వాతా సీఓడీ. నీళ్లలోకి ఎంత జింక్ కరిగిందో. అదే పలకను మళ్లీమళ్లీ వాడినప్పుడు పనితనం ఎంత పడిపోతోందో. శాతం 40 వచ్చినా ఉన్నదున్నట్టు రాయి. నిజమైన కడుగు నీళ్ల మీద నిజాయితీగా వచ్చిన 40, డిస్టిల్డ్ వాటర్‌లో వచ్చిన 95 కంటే నాకు ఎక్కువ విలువైనది.

నీటిబొట్టు
పెసలు కూడా మొలకెత్తించి చూడు. శుద్ధి చేయని నీళ్లు, చేసినవి, మంచినీళ్లు, మూడు పళ్లేలు. వేర్ల పొడవు కొలువు. ఖర్చు లేదు, రంగులేని విషం ఉంటే కొంతైనా పసిగట్టొచ్చు.

పడుగుపేక
ఈ వారం ఎరుపు వేస్తున్నాం. నీళ్లు పట్టి ఉంచమంటావా అమ్మా? ప్లాస్టిక్ డబ్బాలో పడితే చాలా?

వేపాకు_పరిశోధన
పట్టి ఉంచు చిన్నాన్నా, ఆదివారం వస్తాను. డబ్బా సంగతి ఎవరైనా చెప్పండి.

ల్యాబ్‌కోటు
శుభ్రంగా కడిగిన ప్లాస్టిక్ సీసాలు చాలు, గాలి లేకుండా అంచుదాకా నింపండి. తొట్టి నీళ్లకు ఒకటి, ప్రతి కడుగుకూ ఒకటి, మీద తేదీ, రంగు పేరు రాయండి. ఫ్రిజ్‌లో పెట్టండి, తినేవాటికి దూరంగా. సీఓడీకి పంపే సీసాలో మాత్రం పీహెచ్ 2 కంటే తగ్గేదాకా సల్ఫ్యూరిక్ యాసిడ్ చుక్కలు వేయాలి, అది అమ్మాయి ల్యాబ్‌కు తెచ్చాక చేస్తుంది, మీరు ముట్టుకోవద్దు. రంగు కొలిచే సీసాలో యాసిడ్ వేయకూడదు.